కాలు ఈడుస్తున్నదీ, లావెక్కినదీ

ప్రశ్న: మాది గుణుపురం. దీపావళి సెలవుల్లో మా తమ్ముడు విశాఖపట్నం నుంచి మా అబ్బాయి కోసం రెండు గినీపిగ్ పిల్లలను తెచ్చాడు. బాబుకు తొమ్మిదేళ్లు. మేడ మీది రేకుల గదిలో, ఇదివరకు లవ్‌బర్డ్స్ పెంచిన ఇనుప తీగల పంజరంలో వాటిని పెట్టాం. దుకాణంలో ఇచ్చిన కుందేళ్ల మేత, ఇంట్లో మిగిలిన అన్నం, ఉప్మా, క్యాబేజీ ఆకులు పెడుతున్నాం. ఒకటి బాగా లావెక్కింది, తిండి వంటబట్టినట్టుంది. రెండోది పది రోజులుగా వెనక కాలు ఈడుస్తోంది, ఎత్తుకుంటే కీచుమంటోంది. పైగా తన పెంటను తానే తింటోంది. కాలికి ఏ మందు వేయాలి? బాబుకు జ్వరం వచ్చినప్పుడు రాసిన అమాక్సిసిలిన్ సిరప్ కొంచెం మిగిలి ఉంది, అది పట్టవచ్చా? ఎలుక జాతి జంతువులు ఇంట్లో ఉంటే జబ్బులు వస్తాయని మా అత్తగారు భయపడుతున్నారు. అది నిజమేనా?
— ఒక గృహిణి, గుణుపురం, రాయగడ జిల్లా

సమాధానం: అమ్మా, మీరు అడిగింది కాలికి మందు గురించే అయినా, మీ ఉత్తరంలో అడగకుండా రాసిన రెండు మూడు మాటలే నన్ను ఎక్కువగా కలవరపెట్టాయి. వాటి దగ్గరకు వచ్చే ముందు సిరప్ సంగతి తేల్చేద్దాం. దానిని ఒక్క చుక్క కూడా పట్టవద్దు, బాబు పొరపాటున తీసి పట్టకుండా ఆ సీసాను ఇవాళే పారేయండి.

గినీపిగ్ గడ్డి మీద బతికే జంతువు. ఆ గడ్డిని అరిగించేది దాని పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే భాగంలో కాపురమున్న కోటానుకోట్ల సూక్ష్మజీవులు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా లోపలికి వెళితే మేలు చేసే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోయి, వాటి చోటును క్లాస్ట్రీడియం అనే విషం చిమ్మే బ్యాక్టీరియా ఆక్రమిస్తుంది. ఆ తరువాత విరేచనాలు పట్టుకుని జంతువు కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. మనుషులకు, కుక్కలకు, పశువులకు నిత్యం వాడే మందే దీనికి ప్రాణాంతకం కావడం చదువుకున్నవారికి కూడా ఒక పట్టాన నమ్మశక్యం కాదు. నేను నమ్మడానికి ఒక తప్పు చేయవలసి వచ్చింది. పశువైద్యుడిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కళాశాల జంతుశాస్త్ర విభాగంవారు తమ నాలుగు గినీపిగ్‌లు తుమ్ముతున్నాయని కబురు పెడితే, వెళ్లి చూసి, దూడలకు ఇచ్చే అలవాటు కొద్దీ యాంపిసిలిన్‌ను నీళ్లలో కలిపి పట్టించి వచ్చాను. నాలుగో రోజున మళ్లీ పిలిచారు. మూడు జంతువులు ఒక మూల కడుపులు ఉబ్బి, వెనక భాగమంతా తడిసిపోయి పడి ఉన్నాయి, ఒక్కటి మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పుస్తకం తెరిచి చదివింది ఆ రాత్రి. జబ్బు తుమ్ములది, చంపింది నా మందు.

ఇక కాలి సంగతి. పంజరం అడుగు ఇనుప తీగలదని మీరు రాశారు కనుక ముందుగా జంతువును ఒళ్లో వెల్లకిలా కాకుండా, నిటారుగా గుండెకు ఆనించి పట్టుకుని, వెనక అరికాళ్లు వెలుతురులో చూడండి. ఆరోగ్యంగా ఉన్న అరికాలు గులాబీ రంగులో, మెత్తగా, వెంట్రుకలు లేకుండా ఉంటుంది. అది ఎర్రగా కంది, వాచి, మధ్యలో నల్లటి పొక్కు కట్టి ఉంటే అది తీగల మీద నిలబడినందువల్ల వచ్చిన అరికాలి పుండు. లవ్‌బర్డ్ పుల్లను పట్టుకుని కూర్చుంటుంది, అది దాని పుట్టుక. గినీపిగ్ మాత్రం కిలోకు అటూ ఇటూగా ఉండే తన బరువంతా చదునైన పాదాల మీద మోస్తుంది. తీగల మీద నిలబెట్టడం అంటే మనల్ని చెప్పులు లేకుండా జల్లెడ మీద నిలబెట్టినట్టే. తీగల సందుల్లో కాలు ఇరుక్కుని బెణకడం, విరగడం కూడా తరచుగా జరుగుతుంది.

అరికాళ్లు శుభ్రంగా ఉండి, మోకాళ్లు వాచి ఉంటే, బొచ్చు గరుకుబారి ఉంటే, తిండి మీద ఆశతో దగ్గరకు వచ్చి కొరకలేక వదిలేస్తుంటే, నా అనుమానం సి విటమిన్ కొరవడి వచ్చే స్కర్వీ అనే జబ్బు మీద. మనలాగే గినీపిగ్‌కు కూడా తన ఒంట్లో సి విటమిన్ తయారు చేసుకునే శక్తి లేదు. కుందేలుకు ఉంది, ఎలుకకు ఉంది, దీనికి లేదు. అందుకే కుందేళ్ల మేతలో సి విటమిన్ కలపరు. ఆ మేత, అన్నం, ఉప్మా మీద నెలల తరబడి నెట్టుకొచ్చిన గినీపిగ్‌కు కీళ్లలో నెత్తురు చిమ్మి, కదిలితేనే నొప్పి పుట్టే స్థితి వస్తుంది. ఎత్తుకుంటే కీచుమనడం ఈ నొప్పికి సరిపోయే లక్షణం. క్యాబేజీలో సి విటమిన్ లేకపోలేదు, కాని అది ఎక్కువైతే కడుపులో గాలి చేరుతుంది, దాని మీదే ఆధారపడడం తగదు. నా అంచనా ప్రకారం మీ జంతువుకు ఈ రెండు కారణాలూ కలిసే ఉండవచ్చు. స్కర్వీ ఉన్నప్పుడు పుండు కూడా మానదు.

పెద్ద గినీపిగ్‌కు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలి, చూలుతో ఉన్నదానికి ఇంకా ఎక్కువ కావాలి. పచ్చి క్యాప్సికం ముక్క 25, 30 గ్రాములది రోజూ పెడితే ఆరోగ్యంగా ఉన్న జంతువుకు దాదాపు సరిపోతుంది. గింజలు, తొడిమ తీసేయండి. నాలుగు కొత్తిమీర రెమ్మలు, వారానికి రెండు మూడు సార్లు గోరంత జామపండు ముక్క చేర్చవచ్చు. ఉసిరికాయలో సి విటమిన్ మెండుగా ఉన్నా పులుపుకు కొన్ని మూతి తిప్పుకుంటాయి, సన్నగా తరిగి కొత్తిమీరలో కలిపి చూడండి. అయితే జబ్బు చేసినదానికి కూరగాయలు మాత్రమే చాలవు. బరువు తూచి, మాత్ర ఎంత పొడి చేసి ఏ మోతాదులో నోట్లో వేయాలో డాక్టరుగారు చెప్పాలి. విటమిన్‌ను నీళ్ల సీసాలో కలపవద్దు. వెలుతురుకు కొన్ని గంటల్లోనే దాని శక్తి తగ్గిపోతుంది, రుచి మారిన నీళ్లను జంతువు తాగడమే మానేస్తుంది.

పెంట తినడం రోగం కాదు. అరిగీ అరగని మెత్తటి పెంటను అది నేరుగా నోటితో అందుకుని మళ్లీ తింటుంది, అందులోని బి విటమిన్లు అలా రెండోసారికి ఒంటబడతాయి. ఆవు నెమరు వేస్తే మనకు అసహ్యం కలగదు కదా, ఇది దాని నెమరు. నిజానికి కాలునొప్పి వల్ల వంగలేక అది పెంట తినడం మానేస్తేనే మనం భయపడాలి.

అన్నం, ఉప్మా, ఇడ్లీ, బిస్కట్లు ఇవాళ్టితో ఆపేయండి. వీటి స్థానంలో రావలసింది గడ్డి. రోజంతా ఎప్పుడు చూసినా పంజరంలో గడ్డి ఉండాలి, అది తినే తిండిలో నూటికి ఎనభై వంతులు గడ్డే కావాలి. దాని పళ్లు, ముందువే కాదు దవడ పళ్లు కూడా, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలంటే గడ్డిని అటూ ఇటూ గంటల తరబడి నమలవలసిందే. మెత్తటి అన్నం నమిలే పని కల్పించదు. నగరాల్లో పెంచేవారు తిమోతీ గడ్డి అనే విదేశీ ఎండుగడ్డిని పొట్లాల్లో కొంటారు. మీకు ఆ ఖర్చు అక్కరలేదు. వినాయకుడికి పూజ చేసే గరికే దీనికి మంచి ఆహారం. ఉదయం కోసి, కడిగి, నీడలో రెండు మూడు రోజులు పలచగా ఆరబెడితే పచ్చరంగు పోకుండా ఎండుతుంది. దానిని గోనెసంచిలో వేలాడదీసి దాచుకోండి. వానాకాలంలో ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన వచ్చినా, బూజు మచ్చ కనిపించినా ఆ గడ్డి పారేయవలసిందే. వరిగడ్డి పరుపుకు పనికి వస్తుంది కాని తిండికి చాలదు. లేత మొక్కజొన్న పొత్తుల పైపొరలను ఇష్టంగా తింటాయి.

గడ్డి ఎక్కడ కోస్తారన్నది మీ జిల్లాలో ముఖ్యమైన విషయం. గుణుపురం చుట్టూ పత్తి సాగు ఎక్కువ కాబట్టి పత్తి చేల గట్ల మీది గరికను ఎంత పచ్చగా ఉన్నా ముట్టవద్దు. పురుగుమందు పడిన గడ్డి ఆవును తూలించకపోయినా ఎనిమిది వందల గ్రాముల ప్రాణిని పడగొడుతుంది. కుక్కలు తిరిగే వీధి పక్కది కూడా వద్దు. పెరట్లో కొంత మేర మీరే గరిక పెంచుకుంటే అన్నిటికన్నా మేలు. ఇంతకాలం అన్నానికి అలవాటుపడిన పేగులకు పచ్చిగడ్డి ఒక్కసారిగా దండిగా వేస్తే విరేచనాలు అవుతాయి. మొదటి రోజు గుప్పెడుతో మొదలుపెట్టి వారం రోజుల్లో పెంచండి. ఎండుగడ్డికి ఆ జాగ్రత్త అక్కరలేదు. పాలకూర, తోటకూర, మునగాకు అప్పుడప్పుడు కొద్దిగా చాలు, రోజూ పెడితే మూత్రంలో రాళ్లు కడతాయి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, పచ్చళ్లు వద్దే వద్దు.

ఇప్పుడు ఇంటి సంగతి. మీరు ఏ పంజరం కొనాలో అడగలేదు, నేను ఏదీ కొనమని చెప్పను. దుకాణాల్లో దొరికేవి దాదాపు అన్నీ చిన్నవే. రెండింటికి కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నేల కావాలి. ఇవి పైకి ఎక్కే జంతువులు కావు, అడ్డంగా పరిగెత్తేవి, కాబట్టి ఎత్తు కన్నా నేల ముఖ్యం. మీ ఊరి వడ్రంగి చేత ప్లైవుడ్‌తో అడుగున్నర ఎత్తు గోడల పెట్టె ఒకటి చేయించండి. పైన అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్‌తో మూత ఉండాలి. పిల్లి కోసమే కాదు, మీ వైపు ఇళ్లలో తిరిగే పందికొక్కుల కోసం, పెరటి పాముల కోసం కూడా ఆ మూతకు గడియ కావాలి. అడుగున దళసరి ప్లాస్టిక్ పట్టా, దాని మీద నాలుగు వరసల వార్తాపత్రిక, ఆపైన పాత నూలు దుప్పటి మడతలు వేసి, గడ్డి చల్లండి. దుప్పటి అంచులు తప్పకుండా కుట్టించాలి. వదులుగా వేలాడే దారం జంతువు కాలివేలికి చుట్టుకుంటే రాత్రికి రాత్రి ఆ వేలు నల్లబడిపోతుంది, నేను అలాంటివి చూశాను. రంపపు పొట్టు చవకగా దొరుకుతుంది కాని సన్నటి దుమ్ము ఊపిరితిత్తులకు పడదు, ఊక కళ్లలో గుచ్చుకుంటుంది. తడిసిన కాగితం, పెంట రోజూ తీసేసి, వారానికి రెండుసార్లు అంతా మార్చాలి.

దాక్కునే చోటు లేని గినీపిగ్ ఎప్పుడూ బెదురుతూనే ఉంటుంది. ఇద్దరికీ రెండు గూళ్లు ఉండాలి, ఒక్కొక్కదానికి రెండు దారులు ఉండాలి. ఒక్క దారే ఉంటే పొగరుబోతుది గుమ్మంలో కూర్చుని రెండోదానిని బయటకు రానివ్వదు. కుమ్మరి దగ్గర వెడల్పు మూతి కుండలు రెండు తీసుకుని, అడుగు భాగం జాగ్రత్తగా పగలగొట్టించి, అంచులు రాతి మీద అరగదీసి పక్కకు పడుకోబెడితే చాలు. మట్టి చల్లగా ఉంటుంది కనుక వేసవికి ఇంతకన్నా మంచి గూడు లేదు.

నా మనసులో అన్నిటికన్నా ముందున్న భయం వేసవే. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. మీ ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. మీ జంతువులు ఉన్నది రేకుల గదిలో! దీని పూర్వీకులు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల చలిగాలిలో బతికినవి. దీనికి హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్య. 28 దాటితే ఇబ్బంది, 32 దాటితే ప్రమాదం. ఒంటి నిండా బొచ్చు ఉండి, చెమట పట్టని ప్రాణి ఇది. మిట్టమధ్యాహ్నం రేకుల కింద మనిషే నిలవలేడు కదా. ఈ ఉత్తరం చదివిన రోజే వాటిని కింది అంతస్తులో, ఉత్తరం వైపు గదిలో, గచ్చు నేల మీదకు దింపండి. వంటగది పొగ, టీవీ చప్పుడు దూరంగా ఉండాలి. మధ్యాహ్నం వేళ కిటికీకి తడి గోనె పట్టా కట్టండి, కాని గాలి ఆడనివ్వండి. గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక మూల ఉంచితే, అది తానుగా వచ్చి ఆనుకుని పడుకుంటుంది. కూలర్ గాలి నేరుగా మీదకు కొట్టకూడదు. జంతువు బారగా చాపుకుని పడుకుని, నోటితో రొప్పుతూ, చొంగ కారుస్తుంటే అది వడదెబ్బ. చల్లటి నీళ్లతో, మంచునీళ్లతో కాదు, చెవులు, పాదాలు తడిపి వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి.

ఇక లావెక్కినదాని గురించి. తిండి వంటబట్టిందని మీరు మురిసిపోయారు, నాకు మాత్రం చూలేమోనని తోచింది. దుకాణంవారు రెండూ ఆడవేననో, రెండూ మగవేననో చెప్పి ఉంటారు, వారికి తెలిసేది తక్కువ. డాక్టరుగారికి చూపించే వరకు రెండింటినీ ఇవాళ్టి నుంచే వేరు చేయండి, అయితే ఒంటరితనం దిగులు పుట్టించే జంతువులు కనుక మధ్యలో మెష్ అడ్డం పెట్టి ఒకదానికొకటి కనిపించేలా ఉంచండి. ఎందుకింత తొందర అంటే, ఆడది మొదటి కాన్పు ఆరేడు నెలల లోపు కాకపోతే దాని కటి ఎముకల మధ్య కీలు బిగుసుకుపోయి, పిల్ల బయటకు రాలేక తల్లీపిల్లా రెండూ పోయే ప్రమాదం ఉంది. దీపావళికి నెలన్నర పిల్ల అనుకుంటే ఇప్పటికి దానికి అయిదారు నెలలు. ఇప్పటికే చూలైతే ఆ లెక్కన మంచిదే, కాకపోతే ఇక కాకుండా చూడడమే క్షేమం. దాని చూలు కాలం 59 నుంచి 72 రోజుల మధ్య ఉంటుంది. పిల్లలు కళ్లు తెరిచి, బొచ్చుతో, పళ్లతో పుట్టి, పుట్టిన రోజే గడ్డి కొరుకుతాయి. ఆ వింత చూడడానికి మీ అబ్బాయి రాత్రంతా మేలుకుంటాడు కూడా. కాని కాన్పు అయిన కొద్ది గంటల్లోనే ఆడది మళ్లీ ఎదకు వస్తుంది, అందుకే మగది పక్కన ఉండకూడదు. మగపిల్లలను మూడు వారాలు నిండగానే తల్లి నుంచి వేరు చేయాలి.

ఒక్క మాట మరచిపోకండి. లావు తగ్గించాలని దానికి తిండి తగ్గించవద్దు. లావుగా ఉన్న చూలు గినీపిగ్ ఒక్కపూట పస్తున్నా ఒంట్లోని కొవ్వు కరిగి విషంగా మారి ప్రాణం తీస్తుంది. అన్నం ఆపినా గడ్డి ఎప్పుడూ నిండుగా ఉండాలి.

అత్తగారి భయాన్ని కొట్టిపారేయను. ఊరి ఎలుకలకూ దీనికీ పోలిక లేదని చెప్పండి. మూత్రం ద్వారా జబ్బు తెచ్చేవి కలుగుల్లో తిరిగే ఎలుకలు, అవి దీని మేతలోకి, నీళ్లలోకి రాకుండా చూసుకుంటే చాలు. అయితే గినీపిగ్ నుంచి మనకు అంటేవాటిలో ముఖ్యమైనది తామర. ముక్కు చుట్టూ, కళ్ల దగ్గర వెంట్రుకలు గుండ్రంగా రాలి పొట్టు లేస్తే పిల్లాడిని ముట్టుకోనివ్వకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం అలవాటు చేయండి. బాబు దానిని నిలబడి ఎత్తుకోకుండా నేల మీద కూర్చునే ఒళ్లో పెట్టుకోవాలి, నడుము ఎత్తు నుంచి పడినా దాని వెన్ను విరుగుతుంది.

డాక్టరు కోసం మీ బ్లాక్‌లోని పశువైద్యశాలకే ముందుగా వెళ్లండి. అక్కడివారు ఎక్కువగా పశువులను, మేకలను చూసేవారు కనుక ఇది గినీపిగ్ అని, పెన్సిలిన్ జాతి మందులు దీనికి పడవని మీరే ఒక కాగితం మీద రాసి చూపించండి, దాని వల్ల ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఎక్స్‌రే అవసరమైతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా నౌపడా చేరే రైలు మార్గంలో వెళ్లి, అక్కడి నుంచి విజయనగరం వైపు బండి పట్టుకోవచ్చు. తెల్లవారుజామున బయలుదేరండి. మూత ఉన్న వెదురు బుట్టలో అడుగున తువ్వాలు పరిచి, చేతినిండా గడ్డి, నాలుగు కీరదోస ముక్కలు వేయండి. కీరదోస దారిలో నీళ్లకు బదులవుతుంది. బయలుదేరే ముందు వీధిలోని కిరాణా దుకాణం కాటా మీద రెండింటినీ విడివిడిగా తూచి బరువు రాసి తీసుకువెళ్లండి. డాక్టరుగారు మొదట అడిగేది అదే.